జల్లించిన రాతిపొడి

ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినడం నాకు మొదటినుంచీ చేతకాదు. ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఎవరు నోరు తెరిచినా మధ్యలోనే తప్పు దిద్దడానికి తయారైపోతాను. మా ఆయన దీనికి విరుగుడు కనిపెట్టుకున్నారు. నేను మొదలుపెట్టగానే పేపరు అడ్డం పెట్టుకుంటారు. ఆళ్లగడ్డలో ఉన్న నా స్నేహితురాలికి ఆ సౌకర్యం లేదు. ఫోను చెవికి పెట్టుకుని నేను చెప్పిందంతా వినేది, విన్నట్టే చేసేది. అదే కొంప ముంచింది.

మేమిద్దరం నంద్యాలలో టీచర్ ట్రైనింగు చదివినప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. చదువయ్యాక నాకు ఉద్యోగం వచ్చింది, ఆమెకు సంబంధం వచ్చింది. రాతి విగ్రహాలు చెక్కే ఇంటికి కోడలిగా ఆళ్లగడ్డ వెళ్ళింది. బస్సెక్కితే గంట దూరమే అయినా ఏడాదికి రెండు మూడుసార్లకు మించి కలిసేవాళ్ళం కాదు. నేను రిటైరయ్యాక ఫోను మాత్రం రోజూ ఉండేది. పొద్దున పదకొండింటికి, ఇద్దరి ఇళ్ళలోనూ వంట అయిపోయి, అన్నాలకు ఇంకా ఎవరూ పిలవని వేళ.

మా మాటలకు ఒక వరస ఉండేది. ముందు మొక్కలు, తర్వాత ఇల్లు, ఆఖరున ఒళ్ళు.

"కాకరకు పురుగు పోయిందా మే?" అని అడిగేది.

"పోయింది. వేపనూనె కొట్టినా. నీ మల్లె ఎట్లుండాది?"

"మొగ్గ లేదు ఏం లేదు. ఆకులు మాత్రం రోజూ కడగాల. లేకుంటే తెల్లగా అయిపోతాండాయి."

"ఆకులు కడగడమేందీ, నీళ్ళు దండగ!" అని కసురుకునేదాన్ని. ఆకులు ఎందుకు తెల్లబడుతున్నాయని ఒక్కనాడూ అడగలేదు. ఇక ఇంటి సంగతులకు వస్తే, ఆమె కోడలికి ఏం తిన్నా వాంతులవుతున్నాయనీ, మా ఆయన షుగరు మళ్ళీ పెరిగిందనీ, వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడకు ఆమె రోజూ మజ్జిగ పంపుతోందనీ చెప్పుకునేవాళ్ళం. ఒళ్ళు దగ్గరికి వచ్చేసరికి నా మోకాళ్ళ గురించి నేనే మాట్లాడేసేదాన్ని. ఆమె వంతు "నాకేముంది లే, బాగుండా" అనే ముక్కతో అయిపోయేది.

రిటైరయ్యాక నాకు మిద్దె తోట పిచ్చి పట్టింది. మా నంద్యాల మట్టి నల్లరేగడి. తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. కుండీల్లో పోస్తే నీళ్ళు దిగవు, వేళ్ళు కుళ్ళిపోతాయి. నేను పెట్టిన మొదటి ఇరవై మొక్కల్లో పద్నాలుగు చచ్చాయి. ఆ దిగులులో ఫోనులో వీడియోలు చూస్తుంటే, మట్టిలో సన్నటి రాతిపొడి కలిపితే మొక్కకు బలమని ఎవరో చెప్పారు. రాతిపొడి అనగానే నాకు ఆళ్లగడ్డ గుర్తుకు రాక ఏం గుర్తుకొస్తుంది? వాళ్ళింటి ముందు రేకుల షెడ్డులో వాళ్ళాయన, ఇద్దరు పనివాళ్ళు పొద్దంతా రాయి కోస్తూ, అరగదీస్తూ ఉంటారు. గుట్టలుగా పడ్డ పొడిని ఊరవతల పారబోస్తారు.

"ఎట్లా పారేసేదే గదా, నాకొక సంచి పంపు" అన్నాను.

పంపింది. ఆళ్లగడ్డ బస్టాండులో డ్రైవరును బతిమాలి, ఇంజన్ పక్కన పెట్టించి, బస్సు నంబరు నాకు ఫోనులో చెప్పింది. నేను నంద్యాల బస్టాండుకు పోయి ఆటోలో తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి సంచి విప్పి చూస్తే పొడితో పాటు పెళ్ళలు, పెచ్చులు. మట్టి కలుపుతుంటే ఒక పెచ్చు నా వేలికి గుచ్చుకుంది. అంతే, ఫోను తీసి దులిపేశాను.

"ఏందీ, రాళ్ళు పంపినావా? ఈసారి సన్నగా జల్లించి పంపు. మైదా మాదిరి ఉండాల."

"సరేలే, జల్లిస్తా" అంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు, వానలకు ముందు ఒకసారి, చలికాలం ముందు ఒకసారి, మైదాలాంటి పొడి సంచుల్లో వచ్చింది. నా మొక్కలు నిజంగానే నిలదొక్కుకున్నాయి. అది పొడి మహిమో, నాకు నీళ్ళు పోయడం చేతనైనందువల్లో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం పొడి మహిమేనని వీధంతా చాటాను. పక్కింటావిడ అడిగితే ఇచ్చాను, ఎదురింటావిడ అడగకపోయినా ఇచ్చాను. ఒక సంచి రెండయింది, రెండు నాలుగయ్యాయి. "ఎంత మంచిదానివక్కా" అని వాళ్ళంటుంటే ఉబ్బిపోయేదాన్ని. ఆ మంచితనమంతా ఇంకొకరి రెక్కల కష్టమని నాకు తట్టనేలేదు. తిరుగు బస్సులో ఆమెకు బీరకాయలో, వంకాయలో పంపి చెల్లుకు చెల్లు అనుకునేదాన్ని.

పోయిన చలికాలంలో ఆమెకు దగ్గు మొదలైంది. నేను ఊరుకుంటానా? మిరియాల కషాయం చెప్పాను, పాలలో పసుపు చెప్పాను, తమలపాకు రసం తేనెలో కలుపుకోమన్నాను. ఫ్రిజ్‌లో నీళ్ళు తాగుతున్నావేమోనని తిట్టాను. ప్రతిదానికీ "సరే మే" అనేది. ఉగాది దాటినా దగ్గు పోలేదు. ఎండలు ముదిరాయి, దగ్గు మాత్రం అలాగే ఉంది. మండే ఎండల్లో దగ్గేమిటని అప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. అడిగితే మాట మార్చి నా మోకాళ్ళ సంగతి ఎత్తింది. నేనూ ఆ వలలో పడిపోయాను.

తర్వాత పదకొండింటి ఫోను ఆగిపోయింది. దాని బదులు వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపేది. అవీ నాలుగైదు ముక్కలుగా. "చిక్కుడు పూత పట్టింది" అని ఒకటి. "కోడలు రెండు ముద్దలు తిన్నాది" అని ఇంకొకటి. నాకు ఒళ్ళు మండింది. నాతో మాట్లాడడానికి తీరిక లేకుండా పోయిందా అని రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు, "ముక్కలు ముక్కలుగా ఏందీ ఇది, ఒక్కసారిగా చెప్పి చావరాదా?" అని పంపాను. దానికి జవాబుగా ఒక పువ్వు బొమ్మ వచ్చింది. దగ్గు నాకు వినపడకుండా ఉండాలని ఆమె ప్రతి రెండు మాటలకూ ఆపేస్తోందని అప్పటికి నాకు తెలియదు. కొత్త పొడి ఎప్పుడు పంపుతావని అదే వారంలో అడిగాను కూడా. వానలు దగ్గరపడుతున్నాయి కదా!

ఒకరోజు తన కుండీలో కాసిన వంకాయను చేతిలో పట్టుకుని ఫొటో తీసి పంపింది. బాగా కాసిందని రాద్దామని ఫొటోను పెద్దది చేశాను. నా కళ్ళు వంకాయ మీద నిలవలేదు. ఆమె మణికట్టు ఎముక పొడుచుకుని కనపడుతోంది. ఎప్పుడూ బిగుతుగా ఉండే గాజులు చేతి మధ్యకు జారి ఉన్నాయి. ఆ ఫొటోను పెద్దది చేస్తూ, చిన్నది చేస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆయన వచ్చి, "అన్నం పెడతావా, వంకాయనే చూస్తావా?" అన్నారు. ఆయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, ఫోను నా చేతిలో పెట్టారు. ఆయన ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

మర్నాడే బస్సెక్కాను. వస్తున్నానని చెబితే ఏదో సాకు చెబుతుందని చెప్పకుండానే బయలుదేరాను. చేతిలో ఉత్తినే ఒక కరివేపాకు మొక్క పట్టుకున్నాను, దాని కోసమే వచ్చినట్టు. దారిపొడుగునా నాకు తెలిసిన జబ్బులన్నీ ఒక్కొక్కటిగా ఆమెకు అంటగడుతూ, ఇది కాదులే అని కొట్టేస్తూ పోయాను. ఆళ్లగడ్డలో దిగేసరికి కొట్టేయలేనివి రెండో మూడో మిగిలాయి. రోడ్డు వారన షెడ్లలో ఇంకా ముక్కూ కళ్ళూ తేలని దేవుళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మిషన్ల రొదకు చెవులు గింగురుమన్నాయి.

వాళ్ళాయన ముఖానికి తువ్వాలు చుట్టుకుని పనిలో ఉన్నాడు. నన్ను చూసి మిషను ఆపాడు.

"ఏం చెల్లెమ్మా, చెప్పకుండా వస్తివి! ఆమె ఎనక పక్క ఉండాది, పో" అన్నాడు.

వెనక్కి పోయాను. పెరట్లో గోడవారన, నీడ పట్టున, పీట మీద కూర్చుని ఉంది. ముఖానికి చీర కొంగు చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. కనురెప్పల మీద, కనుబొమ్మల మీద, ముందున్న జుట్టు మీద తెల్లటి పొడి. రెండు చేతులతో జల్లెడ ఆడిస్తోంది. ఒక్కో ఊపుకు పొడి పొగలా లేచి ఆమెను కప్పేస్తోంది. నాలుగు ఊపులకు ఒకసారి జల్లెడ ఒళ్ళో పెట్టుకుని, వంగిపోయి దగ్గుతోంది. ఆ దగ్గు ఫోనులో విన్న దగ్గు కాదు. పక్కన ఒక సంచి మూతి కట్టి సిద్ధంగా ఉంది.

"ఏం చేస్తాండావ్ మే?" అన్నాను.

తల ఎత్తి, నన్ను చూసి గబగబా లేవబోయి, మళ్ళీ కూర్చుంది. కొంగు తీసి నవ్వింది. కొంగు ఉన్నంత మేర ముఖం నల్లగా, మిగతాదంతా తెల్లగా ఉంది.

"నువ్వే గదా వానలొస్తాండాయి అంటివి. ఇంగొక సంచి అయితే పంపుదామని."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేను ఎదురు పోట్లాడి ఉండేదాన్ని. నాకు తెలిసిన విద్య అదొక్కటే. నిలబడ్డచోటే నేలమీద కూలబడి ఏడ్చేశాను. నాలుగేళ్ళు పొడి తెప్పించుకున్నాను. జల్లించడమంటే ఏమిటో, ఆ పొడి గాలిలోకి లేస్తే ఎక్కడికి పోతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. బడిలో పిల్లలకు ఊపిరితిత్తుల బొమ్మ గీసి చూపించినదాన్ని నేను.

"ఏడ్వాకు మే, నాకేమైందని ఇప్పుడు?" అంటూ దగ్గింది. వెంటబెట్టుకుని ఆ సాయంత్రం బస్సుకే నంద్యాల తెచ్చేశాను. పని ఉంది, కోడలు ఉట్టి మనిషి కాదు, మళ్ళీ వారం వస్తానని ఎన్ని చెప్పినా వినలేదు. వినకపోవడం ఆ ఒక్కరోజు పనికొచ్చింది.

ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చాలాసేపు చూశాడు. రెండు పక్కలా చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. రెండింటిలో ఒకటి కావచ్చునన్నాడు. ఒకటి టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుంది. రెండోది రాతిదుమ్ము లోపలికి పోయి ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం. దానికి మందు లేదు. పట్టిన దుమ్ము బయటికి రాదు. కఫం పరీక్ష, స్కానింగు చేస్తే తెలుస్తుంది, నాలుగు రోజులు ఆగండన్నాడు.

ఆ నాలుగు రోజులు ఆమె మా ఇంట్లోనే ఉంది. "అంటుకునేదేమో కదా, విడిగా పడుకోబెడదామా?" అని మా ఆయన మెల్లగా అడిగారు. అందులో తప్పు లేదు. అయినా ఆయన మీద నోటికొచ్చినట్టు అరిచాను. అరిచాక తెలిసింది, నాకు కావలసింది అదేనని. అంటుకునేదే కావాలి. టీబీయే కావాలి. మూడో రోజు మహానంది పోయి, కోనేటి నీళ్ళు నెత్తిన చల్లుకుని, శివుడి ముందు నిలబడి, "స్వామీ, దానికి టీబీ ఇవ్వు" అని మొక్కుకున్నాను. పక్కన నిలబడ్డవాళ్ళంతా పెళ్ళిళ్ళో, పంటలో అడుగుతున్నారు. నా మొక్కు వింటే నన్ను గుడి బయటికి నెట్టి ఉండేవాళ్ళు. ప్రసాదం తెచ్చి ఆమె చేతిలో పెడుతూ ఏం మొక్కుకున్నానో చెప్పలేదు.

ఆమె మాత్రం నా మిద్దెమీద మొక్కల మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగాల్సివచ్చేది. బీర తీగను చేత్తో నిమిరి, "ఎంత కళగా ఉండాయి మే!" అని మురిసిపోయేది. నాకు ఆ కుండీలన్నీ ఎత్తి వీధిలో పారేయాలనిపించింది.

ఐదో రోజు వాళ్ళాయన ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. ఈ అయిదు రోజులూ షెడ్డులో మిషన్లు ఆపేశాడట. గడ్డం పెరిగి ఉంది. ముగ్గురం డాక్టరు గదిలో కూర్చున్నాం. డాక్టరు కాగితాలు తిరగేసి, టీబీ లేదన్నాడు. ఆ మాటకు ఎవరైనా సంతోషించాలి. నా మొక్కు ఫలించలేదని నాకు తెలిసిపోయింది.

"ఇంట్లో రాతిపని ఎవరు చేస్తారు?" అని అడిగాడు డాక్టరు.

"నేనే సార్" అన్నాడు వాళ్ళాయన తల వంచుకుని. "షెడ్డు ఇంటి ముందరే. ఈ పాపం నాదే. ఊరి బయటికి మారుస్తా సార్, ఈ నెలలోనే మారుస్తా."

నేను నోరు మూసుకుని ఉండొచ్చు. ఆమె కూడా కళ్ళతో నన్ను ఊరకుండమంటూనే ఉంది. ఎప్పుడూ మధ్యలో దూరి మాట్లాడే నేను అప్పుడు మాట్లాడడానికి పెనుగులాడాను.

"ఆయన కాదు సార్. నా కుండీలకు రాతిపొడి కావాలని నాలుగేళ్ళుగా ఈమెతో జల్లింపిస్తాండా. సన్నగా ఉండాలని నేనే పట్టుబట్టినా. మా వీధికంతా పంచినా" అన్నాను.

డాక్టరు, ఇరవై ముప్పై ఏళ్ళు షెడ్డు వెనక బతకడంతో ఎంత పోయిందో, జల్లించడంతో ఎంత పోయిందో ఎవరూ విడదీసి చెప్పలేరన్నాడు. జల్లించడం మాత్రం చాలా చెడ్డదన్నాడు. నన్ను ఓదార్చడానికి మొదటి ముక్క, నిజం చెప్పడానికి రెండో ముక్క అన్నట్టుంది.

వాళ్ళాయన నావైపు తిరిగాడు. కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ పొడి యాడ్నుంచి వచ్చినాది చెల్లెమ్మా? నా చేతి కిందనుంచే గదా" అన్నాడు.

అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. ఇన్నేళ్ళలో ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.

"నాకు నోరు లేదా? వద్దనేకి నాకు రాదా? ఇష్టమయ్యే చేసినా. ఆ బండల మధ్య నాకు నాలుగు కుండీలు కూడా సరిగా బతకవు. ఈమె కాడన్నా బాగా పెరుగుతాండాయని..." అని, దగ్గు అడ్డం పడి ఆపేసింది. దగ్గు తగ్గేదాకా ఆమె వీపు నిమరాలని కూడా నాకు తోచలేదు.

ఇక దుమ్ము ఉన్నచోట ఉండకూడదని, ఉంటే ఇంకా పెరుగుతుందని, లేకపోతే ఇప్పుడున్నంతలో నెట్టుకురావచ్చని డాక్టరు చెప్పాడు. ఎన్నేళ్ళు అని వాళ్ళాయన అడగలేదు. నేనూ అడగలేదు. తర్వాత ఆమెను నిటారుగా కూర్చోమన్నాడు.

"బాగా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టమ్మా."

ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిపిల్లలా మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాకు తెలియకుండానే నేనూ గాలి పీల్చుకుని, పెదాలు కదపకుండా, ఆమెతో పాటే లెక్కపెడుతున్నాను. పది దాటేసరికి ఆమె గొంతు సన్నబడింది. మెడ నరాలు తేలాయి. పదమూడు అంది. పద్నాలుగు అనడానికి పెదాలు విడిపోయాయి గానీ మాట రాలేదు. ఆగిపోయి, డాక్టరు వైపు కాదు, నా వైపు చూసింది, సరిగ్గా చెప్పానా అన్నట్టు. నేను అప్పటికి ఆపలేదు. లోపల అదే ఊపిరితో ముప్పై ఒకటి దాకా పోయి, సిగ్గేసి ఆపేశాను.